ఈశాన్యం గాలికి కట్టిన సైకిలు

మక్కుమ్ కాలువ, పడవ మీద నుంచి
నవంబరు

హిస్కేకి,

ఇది మీ అక్క సీట్‌స్కే చెబుతుంటే పడవలొస్తే బ్రిడ్జి పైకెత్తే కాపలాదారు వీబ్రెన్ రాస్తున్న ఉత్తరం. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. మెత్తబరిచి రాశాడో, నాకు తెలిసిపోతుంది. పంపేముందు తిరిగి చదివించుకుంటాను.

నీ ఉత్తరం అందింది. అల్క్‌మార్‌లో ముసలివాళ్లని పెట్టే ఇంట్లో పక్కపక్కన రెండు గదులు ఖాళీ అవుతున్నాయని, ఒకటి నీకు, ఒకటి నాకు అని నీ కొడుకు ఎవర్ట్ మాట్లాడి పెట్టాడని రాశావు. గోడలోంచి వెచ్చదనం వస్తుందట. ఆదివారం కోడి సూపట. నేను చలికి వణికి చస్తున్నానని మీకెవరు చెప్పారు? నా పడవలో పొయ్యి ఉంది. పొయ్యి మీద బఠాణీ సూపు ఉంది. గరిటె నిలబెడితే నిలబడుతుంది, అంత చిక్కగా. ఆ సూపు తాగుతూనే వీబ్రెన్ ఇది రాస్తున్నాడు. మరక పడితే వాడిదే.

ఇక్కడి సంగతి చెబుతాను. పెట్రోలు కరువని మా పొద్దుటి బస్సు తీసేశారు. బోల్స్‌వర్డ్ లాండ్రీలో నేను దుప్పట్లు మడతపెడతానని నీకు తెలుసు. యజమానురాలు పిలిచి, "సీట్‌స్కే, ఏడింటికల్లా రాగలిగితే రా. లేదంటే ఇంట్లో కూర్చో. ఈ వయసులో ఎవరూ తప్పు పట్టరు" అంది. నేను కూర్చోవడం అందరికీ ఎంత ఇష్టమో! నువ్వు కూర్చోమంటావు, నీ కొడుకు కూర్చోమంటాడు, ఇప్పుడు ఈవిడ.

కాబట్టి సైకిలు కడుతున్నాను. కొనడం లేదు, కడుతున్నాను. చట్రం లాకు తలుపుల పక్క బురదలో దొరికింది. పడవ కొక్కెం వేసి లాగితే పీతలతో సహా పైకొచ్చింది. పది మందిని అడిగాను, ఎవరూ నాది అనలేదు. తుప్పు గీకి, మన పడవకి వేసే ఆకుపచ్చ రంగు రెండు పూతలు వేశాను. హ్యాండిలు పాలవాడు పారేసినది. చక్రాలు తపాలా వాళ్ల తుక్కులోవి. వెనక చక్రానికి పెడలు వెనక్కి తొక్కితే ఆగే బ్రేకు ఉంది. తీగలు లేవు, తెగేదేమీ లేదు. చైను లాంతరు నూనెలో నానుతోంది. టైర్లు మాత్రం కొత్తవి కావాలి. సైకిళ్ల షాపు ఓబ్బేకి చిన్న పడవ ఉంది, దాని పక్కలు ఒడ్డుకి రాసుకోకుండా తాడుతో దిండ్లు అల్లి ఇచ్చాను, వాడు రెండు టైర్లిచ్చాడు.

"అవ్వా, ఇది మగవాళ్ల సైకిలు. మధ్యలో కడ్డీ ఉంది చూశావా? కాలెలా వేస్తావ్?" అన్నాడు.

"నీ అయ్య పుట్టకముందు నుంచి పడవ అంచు దాటుతున్న కాలురా ఇది" అన్నాను. పోయిన మా ఆయన ప్యాంటు వేసుకుంటాను, అంతే.

గదులు వద్దు. ఎవర్ట్‌కి చెప్పు.

అక్క

(ఆమెకి సైకిలు తొక్కడం రాదన్న సంగతి కూడా రాయనా అని అడిగాను. "రాయి, దాచేదేముంది" అంది. — వీబ్రెన్)


డెన్ ఊవర్
నవంబరు చివర

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవర్ట్ పక్కనే ఉన్నాడు, పైకే నవ్వాడు. ఈ దేశంలో నడక సరిగ్గా రాని పిల్లలకి కూడా సైకిలు వస్తుంది. డెబ్బై దాటినా రాని మనిషివి నువ్వొక్కదానివే. అది నీ తప్పని అనను. నాన్న నన్ను ఒడ్డున అత్తయ్య దగ్గర వదిలి బడికి పంపాడు. నిన్ను ఎనిమిదేళ్లకే చుక్కాని దగ్గర నిలబెట్టాడు. నీకు అక్షరాలూ లేకపోయాయి, సైకిలూ లేకపోయింది. పడవ ఎక్కడికి పోతే ఇల్లు అక్కడికే వచ్చేది, నీకు వాటితో పనేముంది?

కానీ ఇప్పుడెందుకు అక్కా? పడితే తుంటి విరుగుతుంది. మా వీధిలో ఒకావిడ పడి ఇక లేవలేదు.

గదులు మంచివే. నేను చూసి వచ్చాను. కిటికీలోంచి పార్కు కనిపిస్తుంది. నువ్వు ఈ ఉత్తరంతో పంపుతున్న ఒప్పుకోలు కాగితం మీద నీ గుర్తు పెట్టి పంపితే చాలు, మిగతావన్నీ ఎవర్ట్ చూసుకుంటాడు. మార్చి ఒకటో తేదీకి చేరాలి. నువ్వు రాకపోతే ఆ పక్క గది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తుంది. నేను ఒక్కదాన్నే వెళ్లాలంటే

అదలా ఉండనీ. మఫ్లరు అల్లాను, పంపుతున్నాను. చైన్లో ఇరుక్కోకుండా చూసుకో.

నీ చెల్లెలు
హిస్కే


మక్కుమ్ కాలువ
డిసెంబరు

హిస్కేకి,

మఫ్లరు వెచ్చగా ఉంది. రంగు బాగాలేదు, అయినా వేసుకుంటున్నాను.

ముందు నేను పడిన సంగతి చెబుతాను. వేరే ఎవరి నోటనో వింటే ఇంకా పెద్దది చేసి చెబుతారు. చక్రాల చువ్వలన్నీ విప్పి మళ్లీ నేనే కట్టాను. ఓబ్బే చేస్తానన్నాడు. నేను వద్దన్నాను, తెరచాప తాళ్లు బిగించిన చేతికి చువ్వలొక లెక్కా అనుకున్నాను. నువ్వూ పడవలో పుట్టినదానివే, చెప్పు: పొడి తాడుని ఎవరైనా బిర్రుగా కడతారా? వాన పడితే అది బిగుసుకుని గుంజనే విరగ్గొడుతుంది. అందుకని కాస్త వదులు ఉంచుతాం. చువ్వలకీ అలాగే వదులు ఉంచాను, వాన చూసుకుంటుందిలే అని.

వాన పడింది. ఇనుము బిగుసుకోలేదు. వీబ్రెన్ కాపలా కాసే బ్రిడ్జి మీంచి నేను దిగుతుంటే ముందు చక్రం పిండిన తువ్వాలులా మెలి తిరిగింది. నేను వెళ్లి ఈ చివర పడ్డాను, సీటు ఆ చివర పడింది. ఓబ్బే వచ్చి చక్రం చూసి, నన్ను చూసి, "అవ్వా, ఇంత వదులుగా ఎందుకు కట్టావ్?" అన్నాడు. చెప్పాను. నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వనిచ్చాను. నవ్వడం అయ్యాక, "ఇప్పుడు రిమ్ము పట్టుకో, బెండు తీద్దాం" అన్నాను. ఈసారి ఒక్కో చువ్వనీ మీటి, ఒకే మోత వచ్చేదాకా బిగించాను. ఇప్పుడు నిక్కచ్చిగా తిరుగుతుంది.

రెండో చిక్కు నా చేతులది. ఎడమకి పోవాలంటే చుక్కాని కుడికి తోయాలి. అరవై ఏళ్ల అలవాటు అది. హ్యాండిలు కూడా అలాగే తోసేదాన్ని. ఎదురుగా కాలువ వస్తే దాని నుంచి తప్పుకోబోయి, సరిగ్గా దాంట్లోకే పోయేదాన్ని. బాతులకి నేనంటే అలవాటైపోయింది.

పెట్రోలు పొదుపుకని ఆదివారం కార్లు తీయకూడదని ప్రభుత్వం వాళ్లు అన్నారు కదా, ఆ ఆదివారాలు నాకు పండగే. రోడ్డంతా ఖాళీ. ఈ చివర నుంచి ఆ చివరికి వంకరటింకరగా తొక్కాను. చర్చికి పోయేవాళ్లు నిలబడి చూశారు. పాస్టరుగారు, "అమ్మా, ఇవాళ విశ్రాంతి దినం" అన్నారు. "కార్లకండీ, నాకు కాదు" అన్నాను. మూడో ఆదివారానికి చేతులు మాట విన్నాయి.

ఇప్పుడు రోజూ సైకిలు మీదే పనికి పోతున్నాను. మొదటి రోజు ఏడు కాకముందే లాండ్రీ తలుపు తట్టాను. యజమానురాలు గడియారం వంక చూసింది. నేనూ చూశాను. గడియారం చదవడం నాకు వచ్చు.

నీ కాగితం చేరింది. దాని మీద నా గుర్తు పెట్టను. కానీ ఒకటి అడుగుతాను. నీ ఉత్తరంలో "నేను ఒక్కదాన్నే వెళ్లాలంటే" అన్నచోట మాట తెగిపోయిందని వీబ్రెన్ చెప్పాడు. అక్కడ తెగిన మాటేంటో రాయి. నీకు రాయడం వచ్చు కదా, రాయి.

అక్క


డెన్ ఊవర్
జనవరి

అక్కా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఎవర్ట్ ఇంట్లో లేడు.

నాకు భయం. అంతే తెగిన మాట. నువ్వు వస్తే ధైర్యంగా ఉంటుందని ఆ గది గురించి అంత గొప్పగా రాశాను. నిజానికి ఆ కిటికీలోంచి పార్కు కనపడదు, బట్టలారేసే పెరడు కనపడుతుంది. రాత్రి తొమ్మిదికి దీపాలు తీసేస్తారు. కాఫీ వాళ్లిచ్చినప్పుడే తాగాలి.

ఈ ఇల్లు మా ఆయన ఎవర్ట్ పేరున రాశారు. వాడు అమ్మేశాడు. ఫిబ్రవరి ఆఖరి రోజున తాళాలు ఇచ్చేయాలి. వాణ్ణి చెడ్డవాడనకు. నా చూపు తగ్గింది, మొన్న పొయ్యి మీద పాలు మర్చిపోయాను. వాడికి నిద్ర పట్టడం లేదట.

నువ్వు గుర్తు పెట్టనన్న సంగతి వాడికి చెప్పాను. "పెద్దమ్మని అడుగు, నిన్ను తన పడవలో పెట్టుకుంటుందేమో" అన్నాడు ఎగతాళిగా. నేను తలెత్తి వాడి వంక చూశాను. అప్పుడు అన్నాడు, "తనని తాను చూసుకోలేని మనిషి నిన్నేం చూస్తుందమ్మా? సరే, ఒక పని చేద్దాం. ఆ తుక్కు సైకిలు తొక్కుకుంటూ పెద్ద గట్టు దాటి నా గుమ్మం ముందుకి రమ్మను. వచ్చిందా, ఈ కాగితాలు నేనే చింపేసి, నీ పెట్టె నేనే మోసుకెళ్లి ఆ పడవలో పెడతాను." అని నవ్వుతూ భోజనానికి కూర్చున్నాడు.

ఇది నువ్వు పట్టుకుంటావని భయపడుతూనే రాస్తున్నాను. వద్దు అక్కా. సముద్రానికి అడ్డంగా ముప్పై కిలోమీటర్లకి పైనే గట్టు, రెండు వైపులా నీళ్లు, పట్టుకోవడానికి చెట్టు కూడా లేదు. పడమటి గాలి వీస్తే కుర్రాళ్లే దిగి నడుస్తారు.

హిస్కే


మక్కుమ్ కాలువ
ఫిబ్రవరి మొదట్లో

హిస్కే,

పట్టుకున్నాను.

నీ కొడుకుకి చెప్పు: పెద్దమ్మ వస్తోంది. నువ్వు నా పడవలో ఉండటానికి వాడి అనుమతి నాకక్కర్లేదు, నీకూ అక్కర్లేదు. కానీ నోటితో అన్నాడు కాబట్టి ఆ నోరు మూయించే వస్తాను. బస్సెక్కి రావచ్చు కదా అంటున్నాడు వీబ్రెన్. బస్సులో వస్తే నన్నెవరో తీసుకొచ్చినట్టు ఉంటుంది. నేను ఒకరు తీసుకొస్తే వచ్చే మనిషిని కాను.

ఇప్పుడు వెనక క్యారియరు మార్చాను. పాతది ఉత్త రేకు, రొట్టెల సంచీకి సరిపోతుంది, మనిషికి సరిపోదు. పడవ నిచ్చెన ఇనుప పట్టీలు కోసి కింద ఇరుసు దాకా దింపి కట్టాను. ఓబ్బే బోల్టులు వేశాడు, వాటి మీద నేను తాడు బిగించాను. తాడు తడిస్తే బిగుసుకుంటుంది, ఇనుము బిగుసుకోదు. ఏది ఎక్కడ వాడాలో ఇప్పుడు తెలిసింది. దాని మీద మా పాత లైఫ్‌బెల్టు పరిచాను, మెత్తగా ఉంది. వీబ్రెన్‌ని కూర్చోబెట్టి ఊరంతా తిప్పాను. వాడు నీకు రెండింతలు ఉంటాడు. "క్యారియరు బాగానే ఉంది, నా పరువే ఉందో లేదో" అంటున్నాడు. రాయి వీబ్రెన్, అది కూడా రాయి.

చిన్నప్పుడు ఆ గట్టు లేదు, నీకు గుర్తుందా? అక్కడంతా సముద్రమే. నువ్వు సెలవులకి వచ్చినప్పుడు మనం తెరచాప మీద దాటేవాళ్లం. నాన్న ఎప్పుడైనా గాలికి ఎదురు పోయాడా? గాలి తనవైపు తిరిగేదాకా లంగరేసి, పైపు కాలుస్తూ కూర్చునేవాడు. ఒడ్డున వాళ్లు సోమరి అనేవారు. అందరికంటే ముందు చేరేది ఆయనే.

నేనూ అలాగే వస్తాను. ఈశాన్యం గాలి కావాలి నాకు. అది వీపు మీద పడితే ఆ గట్టు ఎంత పొడవుంటే నాకేం. నీళ్ల మీద పుట్టాను, గాలి సంగతి నాకు వదిలెయ్. నువ్వు పెట్టె సర్ది ఉంచు.

అక్క


డెన్ ఊవర్
ఫిబ్రవరి చివర

అక్కా,

పెట్టె సర్ది పది రోజులు దాటింది. రోజూ కిటికీ దగ్గరే కూర్చుంటున్నాను. గట్టు మీదుగా ఎవరెవరో వస్తున్నారు, గాలికి వంగిపోయి, మొహాలు ఎర్రబడి. నువ్వు మాత్రం రావడం లేదు.

ఎవర్ట్ ఇప్పుడు ఎగతాళి చేయడం లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. నిన్న రాత్రి నా భుజం మీద చేయి వేసి, "అమ్మా, ఆవిడ రాదు. నేనలా అని ఉండాల్సింది కాదు" అన్నాడు. సామాన్ల బండి గురువారం వస్తుంది. గోడ గడియారం అప్పుడే తీసేశారు, గోడ మీద తెల్లటి మచ్చ మిగిలింది.

నువ్వు రాలేవంటే కోపం లేదు. రాలేనని రాయి చాలు. పక్క గదిలోకి వచ్చేది రిటైరైన నర్సట, మంచి మనిషని చెబుతున్నారు.

హిస్కే


మక్కుమ్ కాలువ
మర్నాడు

హిస్కే,

గాలి ఇంకా పడమటే. వీబ్రెన్ బ్రిడ్జి మీది జెండా చూసి రోజూ చెబుతున్నాడు, నేను రోజూ తిడుతున్నాను. నేను రాలేక కూర్చోలేదు, రావడానికి కూర్చున్నాను.

బుధవారం రాత్రికి గాలి తిరగకపోతే గురువారం గాలికి ఎదురు వస్తాను. తొక్కలేనిచోట తోసుకుంటూ వస్తాను. బండివాడు నీ పెట్టె మీద చేయి వేస్తే, ఆ పెట్టె మీద కూర్చో. నువ్వు కూడా ఒక్కసారి మొండికెయ్యి. చచ్చిపోవు.

అక్క


డెన్ ఊవర్
మార్చి మొదటి శనివారం

వీబ్రెన్‌కి,

చేతిరాత మారిందని కంగారు పడకు. నేను, సీట్‌స్కేని, చెబుతుంటే ఇది నా చెల్లెలు రాస్తోంది. నీకంటే వేగంగా రాస్తుంది, నీ అంత వాదించదు.

బుధవారం చీకటి ఉండగానే నువ్వొచ్చి తలుపు బాది, "సీట్‌స్కే, జెండా తిరిగింది!" అని అరిచావు చూడు, ఆ అరుపు ఈ జన్మకి మర్చిపోను. గట్టు ఎక్కేసరికి గాలి నా వీపుకి రెండు చేతులు వేసి తోసింది. మా ఆయన కోటు గుండీలు విప్పేశాను, తెరచాపలా నిండింది. ఎదురొచ్చేవాళ్లు తలలు వంచుకుని, ముక్కులు కారుతూ వస్తున్నారు. నేను తల ఎత్తి పోయాను. ఒక పాట కూడా పాడాను, అదేం పాటో చెల్లెలికి చెప్పను, రాసేస్తుంది. ఒకచోట వెనక్కి తొక్కి బ్రేకు వేయాల్సి వచ్చింది, అంత జోరు. చువ్వ ఒక్కటి కదలలేదని ఓబ్బేకి చెప్పు. వాడు నవ్వినందుకు నాకు ఒక కాఫీ బాకీ.

డెన్ ఊవర్‌లో ఎవర్ట్ గుమ్మం ముందు సామాన్ల పెట్టెలు పేరుస్తున్నాడు. నేను గంట కొట్టాను. వాడు తిరిగి చూసి, చేతిలో ఉన్న గోడ గడియారం జారవిడవబోయాడు.

"పెద్దమ్మా!" అన్నాడు. తర్వాత గాలి వంక చూశాడు. "ఈశాన్యం గాలి. గాలి తోసుకొస్తే వచ్చావ్ నువ్వు!"

"గట్టు దాటి రమ్మన్నావు. గాలికి ఎదురు రమ్మనలేదు కదరా."

"అది... సైకిలు తొక్కడమంటారా దాన్ని? అది పడవ నడపడం!"

"నాకు తెలిసిందేదో అదే చేశాను. నువ్వు ఇచ్చిన మాటేదో నువ్వు చెయ్."

(ఇక్కడ నేను, హిస్కే, ఒక మాట నా తరపున రాస్తున్నాను. బండి వచ్చేది మర్నాడే అయినా, అప్పుడు నేను లోపల ఆ పెట్టె మీదే కూర్చుని ఉన్నాను. పొద్దుటి నుంచి లేవలేదు. కోడలు లేవమంది, లేవలేదు. జీవితంలో మొదటిసారి మొండికేశాను, చచ్చిపోలేదు.)

ఎవర్ట్ క్యారియరుని చేత్తో నొక్కి చూశాడు, తాడు ముడులు చూశాడు, ఊపి చూశాడు. ఆఖరికి, "అమ్మ పాలు పొయ్యి మీద మర్చిపోతుంది. చూసుకుంటావా?" అన్నాడు. "పడవలో పొయ్యి నా మోచేతి దగ్గరే ఉంటుందిరా, పాలు పొంగనివ్వనులే" అన్నాను. కాగితాలు చింపాడు. పెట్టె మాత్రం సైకిలు మీద పట్టదు, చేపల లారీలో సోమవారం తెచ్చి పడవలో పెడతానన్నాడు. పెట్టడానికి వాడే వస్తాడు. వాడికి సూపు కాచి పెట్టాలి, బఠాణీలు నానబెట్టు.

మేము ఇప్పుడు ఈ ఊళ్లోనే వాడు మారిన అద్దె ఇంట్లో ఉన్నాం, గాలి కోసం చూస్తున్నాం. ఇంటికి రావడానికి నైరుతి కావాలి. ఈ దేశంలో దాని కోసం ఎవరూ ఎక్కువ రోజులు ఎదురుచూడక్కర్లేదు. చెల్లెల్ని వెనక ఎక్కించి రేవు చుట్టూ తిప్పుతున్నాను. మొదట కళ్లు మూసుకుని నా నడుము విరగ్గొట్టేలా పట్టుకుంది. ఇవాళ నేను కదులుతుంటే పరుగెత్తుకొచ్చి పక్కకి ఎగిరి కూర్చుంది, పదహారేళ్ల పిల్లలా. రేవులో జాలర్లు ఈలలేశారు. నేను పెడలు తొక్కలేనంతగా నవ్వాను. అలిసినచోట దిగి నడుస్తాం, గట్టు మధ్యలో ఆగి రొట్టె తింటాం, చీకటి పడితే పడుతుంది.

ఇక అసలు విషయం. ఇన్నేళ్లూ నీ బ్రిడ్జి దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను "వీబ్రెన్, ఎత్తు!" అని అరిచాను. నువ్వు సూపు వదిలేసి వచ్చి ఎత్తావు. ఈసారి అలా చేయకు. జెండా నైరుతికి తిరిగిన రోజు, చక్కెర దుంపల పడవ వచ్చి ఎంత గట్టిగా కూత పెట్టినా, దాని కెప్టెను నీ అమ్మానాన్నల్ని తిట్టినా, బ్రిడ్జి దించే ఉంచు. ఇద్దరు ముసలివాళ్లు సైకిలు మీద వస్తున్నారని చెప్పు.

పడవలు ఆగుతాయి.

సీట్‌స్కే
రాసింది: హిస్కే